తమ్ముడి తొట్టిలో తడి

మొన్న పొద్దున మిద్దె మీద మనవరాలి టమోటా క్రేటులో వావిలాకు కాచిన నీళ్ళు పోసినప్పుడు తడిసిన మట్టిలోంచి ఒక చేదు వాసన లేచింది. నా కళ్ళ ముందుకు వచ్చింది ఆ క్రేటూ కాదు, అందులోని నారూ కాదు, మా పక్కింటి ఈరమ్మ రెండు చేతులతో పైకెత్తిన గడ్డపార. అది మా తమ్ముడి తొట్టి మీద పడింది. నాపరాయి మూల ఠప్పున విరిగింది, నిండా కాయలున్న బెండచెట్లు ఒక పక్కకు ఒరిగాయి, మా వీధిలో సగంమంది మా పెరట్లోనే నిలబడి లోపలికి తొంగి చూశారు. మా నాయన గడప మీద కూర్చుని తల ఎత్తలేదు. ఆయనను కన్నతల్లి, మా జేజి, మాత్రం తొట్టి పక్కనే నిలబడి, "ఇంగా లోతుకు తవ్వు ఈరమ్మా, మొగమాటపడొద్దు" అంది.

వాళ్ళు వెతుకుతున్నది ఒక పైపు. వీధి కుళాయికి వెళ్ళే పైపుకు మా నాయన దొంగతనంగా బెజ్జం వేసి, నేల కిందనుంచి మా పెరట్లోకి నీళ్ళు తెచ్చుకున్నాడని వీధి నమ్మింది. పైపు దొరికితే కుళాయి దగ్గర వరుసలో మా బిందెలకు చోటుండదని ముందే చెప్పారు. తాడిపత్రిలో, నడి ఎండాకాలంలో, ఆ మాటకు అర్థం మా ఇంట్లో తాగడానికి నీళ్ళుండవని. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడు ఓబులేసుకు ఆరు.

మాది ఊరి శివార్లలో బండలు కోసేవాళ్ళ వీధి. నాయన బండల ఫ్యాక్టరీలో కోతమిషను మీద పనిచేసేవాడు, బండలకు బెజ్జాలూ వేసేవాడు. పొద్దున కళ్ళు తెరవకముందే రంపం రాయిని కోసే చప్పుడు చెవుల్లో పడేది, అది ఆగిపోయిన రోజునే అందరూ ఏమైందని బయటికి వచ్చి చూసేవారు. ఇళ్ళ గోడలు బండలే, కప్పులు బండలే, బట్టలు ఉతికేది, రాగులు ఆరబోసేది, ముసలివాళ్ళు కూర్చుని ఊరిని తిట్టుకునేది బండల మీదే. వేపాకుల మీద, గొర్రెల వీపుల మీద, ఆరేసిన చీరల మీద సన్నటి తెల్లటి రాతిపొడి పడేది. మగవాళ్ళు మధ్యాహ్నం అన్నానికి కనురెప్పలు నెరిసినవాళ్ళలా వచ్చి, మొహం కడుక్కున్నాక మళ్ళీ వయసులోకి వచ్చేవారు. నేల కూడా బండే. ఎక్కడ జానెడు తవ్వినా పార ఖంగుమనేది.

జేజి యాడికి పక్కన ఒక పల్లెలో మెట్టసేద్యం చేసిన మనిషి. చెనిక్కాయ, అదే వేరుశనగ, పంట వరుసగా పోయి, భూమిని వదిలి కొడుకు వెంట టౌనుకు వచ్చింది గానీ, చేతులు ఊరుకోలేదు. కిందికి తవ్వే వీలు లేకపోతే పైకి కడదామంది. అంచులు విరిగి పనికిరావని ఫ్యాక్టరీవాళ్ళు పడేసిన బండముక్కలను నాయన సైకిలు మీద తెచ్చేవాడు. జేజి వాటిని నిలువుగా ఒకదానికొకటి ఆనించి పాతి, సందుల్లో బంకమట్టి మెత్తి, మా మోకాలి ఎత్తున తొట్లు కట్టింది. అడుగున చెనిక్కాయ పొట్టు పరిచింది. "ఇది నీళ్ళు తాగి కడుపులో దాచిపెట్టుకుంటాది, ఎవురడిగినా చెప్పదు" అని మాకు చెప్పింది. దాని మీద ఎండిన చెరువులోంచి మేమే గోనెసంచుల్లో ఈడ్చుకొచ్చిన ఒండుమట్టి, ఆపైన గొర్రెల ఎరువు, పొయ్యిలో బూడిద. పిల్లలం ముగ్గురం కాబట్టి తొట్లు మూడు. ఒకటి నాది, ఒకటి ఓబులేసుది, ఇంకొకటి ఒక పక్కింటి మాబున్నిది. మాబున్ని వాళ్ళింటికి పెరడు లేదు, జేజిని అడిగి చోటు సంపాదించుకుంది. ఓబులేసు చిన్నవాడు గనక మిగిలిన చోటు వాడికి వచ్చింది, రెండో పక్క ఈరమ్మ ఇంటి గోడ వారన, సగంరోజు నీడలో. ఆ అన్యాయం గురించి వాడు చాలాకాలం మాట్లాడాడు.

కుళాయి నీళ్ళు మొక్కలకు పోయడమనేది మా ఇంట్లో ఊహకు అందని సంగతి. జేజి ప్రతి తొట్టి తలాపున ఒక పలకబండ కొంచెం వాలుగా వేసింది. మా స్నానం ఆ బండ మీదే. ఒంటి మీదినుంచి జారిన నీళ్ళు ఎవరివి వాళ్ళ తొట్టిలోకే పోయేవి. సబ్బు ముట్టుకోనిచ్చేది కాదు. ఒంటికి పెసరపిండి, తలకు సీకాయ. సబ్బునీళ్ళు తాగితే చెట్టుకు నోట్లో నురగ వస్తుందని మమ్మల్ని భయపెట్టింది, నేను చాలారోజులు వంగచెట్టుకు నోరెక్కడుందా అని వెతికాను. మాబున్ని తన ఇంట్లోనే స్నానం చేసేది, కానీ నమాజుకు ముందు వాళ్ళ తాత కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళను వెడల్పాటి పళ్ళెంలో పట్టి, ఒలకకుండా రెండు చేతులతో మోసుకొచ్చి తన తొట్టిలో పోసేది. ఆ తొట్టిలో టమోటాలు మా కంటే ముందు పండాయి.

"వాళ్ళ తాత పొద్దస్తమానం కడుక్కుంటాండాడు. మా తాత ఉన్నింటే మాకూ వచ్చుండు" అని ఓబులేసు ఏడ్చాడు.

"మీ తాత ఉన్నప్పుడు గూడా వారానికొకసారే గదరా నీళ్ళు పోసుకునింది" అంది జేజి.

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే గింజలు పెట్టేవాళ్ళం. చూపుడువేలి మొదటి గెణుపు దాకా మట్టిలో గుచ్చి, ఆ గుంతలో గింజ వేసి, పైన మట్టిని బిడ్డకు దుప్పటి కప్పినట్టు కప్పాలి. ఓబులేసు తెల్లారేసరికి దాన్ని తవ్వి, గింజ అక్కడే ఉందో ఎవరైనా తీశారో చూసి, మళ్ళీ పూడ్చేవాడు. వాడి గింజలు రెండుసార్లు మొలవలేదు. మూడోసారి జేజి వాడి చేతులకు పని చెప్పడానికి పేడకడి పిసకమంది. బెండ, మిరప, వంగ, గోరుచిక్కుడును మా వైపు మటిక్కాయలంటాం, అవీ, గట్టు పొడుగునా గోగాకు. గోగాకుతో రోట్లో నూరిన ఊరిబిండి, వేడి సంగటి ముద్దలో గుంత చేసి పోసిన నెయ్యి. చెనిక్కాయల పొడి చల్లిన మటిక్కాయల తాళింపు. ఉగాదికి పూర్ణం పెట్టిన ఓళిగలతో పాటు మా తొట్లో పచ్చిమిరపకాయల బజ్జీలు. ఎవరి కాయలు ఎవరి గిన్నెలో పడ్డాయో మేం ముగ్గురం కూర్చుని చూసుకునేవాళ్ళం. నా బెండకాయ తమ్ముడు తింటే నా ఒంటి నీళ్ళు తాగినట్టేనని నేను వాడికి చెప్పాను. వాడు రెండురోజులు కూర ముట్టలేదు.

అనుమానం మా వైపు పిల్లలకు పాలతో పాటే వస్తుందనుకుంటాను. మబ్బు పడితే సంతోషించేవాళ్ళు లేరు. గాలి దాన్ని ఎటు తోసుకుపోతుందోనని చూసేవారు. విత్తనాలవాడి సంచిలోంచి గింజ తీసి కొరికి, మొహం చిట్లించి, పక్కవాడికిచ్చి కొరకమనేవారు. బోరువేసే మనిషి నీళ్ళు పడతాయంటే అతను ఎవరి మనిషని అడిగేవారు. నేను పత్రికలో చేరాక అవతలివాడు చెప్పే మాట కంటే చెప్పకుండా మింగిన మాట మీద కన్నేసే అలవాటు నాకు త్వరగా అబ్బిందని మెచ్చుకున్నారు గానీ, అది నేను ఆఫీసులో నేర్చుకున్నది కాదు.

ఆ ఏడు వాన రాలేదు. ఒంటి నీళ్ళనే నమ్ముకుని చలికాలం పోతూనే మళ్ళీ గింజలు పెట్టాం. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది కాస్తా వారానికొకసారికి వచ్చింది. బిందెలను ముందురోజే వరుసలో పెట్టి, గుర్తుకు మూతల మీద రాళ్ళు పెట్టేవారు. మా స్నానాలు ఆగిపోయాయి. నా వంగచెట్లు ముందు తలలు వేలాడేశాయి, తర్వాత ఆకులు రాల్చాయి. మాబున్ని తాత ఒక్క చెంబెడు నీళ్ళతో సరిపెట్టుకోవడంతో ఆ పళ్ళెం అడుగు కూడా నిండేది కాదు, టమోటాచెట్లు కట్టెలయ్యాయి. ఓబులేసు తొట్టి మాత్రం పచ్చగా ఉంది. మామూలు పచ్చదనం కూడా కాదు. బెండ ఆకులు అరచేతులంత పరుచుకుని, పసుపుపచ్చ పూలు పూసి, వాడి తల దాటి పెరిగాయి. జేజి తొట్టిలో మధ్యవేలు మొత్తం దించి బయటికి తీసింది. వేలికి తడిమట్టి అంటుకుని ఉంది.

"ఎవురు పోసినార్రా?"

"నేను పోయల్యా" అన్నాడు ఓబులేసు.

వాడి మాట ఎవరూ నమ్మలేదు. నేను వాడి చొక్కా చివర తడిగా ఉందేమోనని పట్టి చూసేదాన్ని. మా అమ్మ తాగేనీళ్ళ కాగు లోపల నీళ్ళెంతవరకు ఉన్నాయో సుద్దముక్కతో గీత గీసి, పనిలోంచి లేచివచ్చి మధ్యమధ్యలో చూసుకునేది. గీత కదిలేది కాదు. మాబున్ని నన్ను అనుమానించింది, నేను మాబున్నిని అనుమానించాను, వాళ్ళ తాత కాళ్ళుకడిగే నీళ్ళు దారి మళ్ళాయేమోనని ఓబులేసు తొట్టిలో మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను కూడా. చివరికి జేజి ఫ్యాక్టరీనుంచి రాతిపొడి తెప్పించి, ముగ్గు వేసినంత పల్చగా తొట్టి చుట్టూ మూడు వైపులా చల్లింది. నాలుగోవైపు గోడ గనక అక్కడ చల్లే పని లేదు. పొద్దున చూస్తే పొడి మీద ఒక కోడి నడిచిపోయిన గుర్తులు తప్ప ఏమీ లేవు. జేజి మళ్ళీ వేలు దించింది. తడి ఉంది. నాయన ఆ పొద్దు టీ తాగకుండా పనికి వెళ్ళాడు.

పెరటి సంగతి వీధికి తెలియకుండా ఉండే ఏర్పాటు మా ఇళ్ళలో లేదు, గోడలు మనిషి మెడ ఎత్తువే. ముందు మా బిందెలు వరుసలో వెనక్కి జరిగాయి. ఎవరు జరిపారో తెలియదు. మా వంతు వచ్చేసరికి కుళాయి బుస్సుమని గాలి వదిలేది. తర్వాతి వారం ఈరమ్మ నోరు తెరిచింది. ఈరమ్మ గట్టి మనిషి, మా గోడ అవతలి మనిషి. ఆమె కూతురు కాన్పుకు వచ్చి, ఆ నెలలోనే ఆడపిల్లను కన్నది. ఆ పసిబిడ్డ ఏడుపు మాకు రోజూ గోడమీదుగా వినిపించేది.

"నా బిడ్డ బాలింతరాలు. నీళ్ళు పోసేదానికి దిక్కుల్యాక తడిగుడ్డతో తుడుస్తాండా. ఈళ్ళింట్లో చూస్తే బెండకాయలు కాస్తాండాయి" అంది, బిందె చంకన పెట్టుకుని, మా అమ్మకు తప్ప అందరికీ చెబుతున్నట్టుగా.

"మా పిల్లోళ్ళు నీళ్ళు పోసుకుని వారాలాయె. కావాలంటే వాసన చూసుకో రా!" అంది మా అమ్మ, నన్ను చెయ్యిపట్టి ముందుకు లాగి.

వరుసలో ఎవరో నవ్వారు. ఈరమ్మ నవ్వలేదు.

"బండకు బెజ్జమేసేటోనికి పైపుకు బెజ్జమేసేది ఎంతసేపు?"

ఆ ఒక్క మాటతో అయిపోయింది. అప్పటిదాకా ఎలా అని అడుగుతున్నవాళ్ళకు జవాబు దొరికింది. నాయన చేతిలో ఉన్న పనే ఆయన మీద సాక్ష్యం చెప్పింది. రాయిని ఎక్కడ ఎంత లోతుకు తొలిస్తే పగలదో ఆయనకు తెలుసు, మరి పైపు ఒక లెక్కా? మరుసటి ఆదివారం పొద్దున వీధి మా పెరట్లోకి వచ్చింది. తవ్వడానికి పనిముట్టు మాత్రం వాళ్ళు తేలేదు. గడ్డపార మా ఇంట్లోదే, జేజి తెచ్చి ఈరమ్మ చేతికిచ్చింది.

నాపరాయి విరిగాక మట్టిని చేతులతో తోడారు. ఒండుమట్టి పోయింది, నానిపోయి నల్లబడిన చెనిక్కాయ పొట్టు పోయింది, కింద మా ఊరి బండ బయటపడింది. పైపు లేదు. బండ మీద చెమటలా తడి మాత్రం ఉంది. జేజి వంగి, మట్టిగడ్డ ఒకటి తీసి, చిదిమి, ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను ఆమె మోచేతి కిందే ఉన్నాను, నాకూ ఒక చేదు వాసన తగిలింది. అదేమిటని నేను ఆలోచించలేదు. జేజికి మోకాళ్ళ నొప్పులు, ఎప్పుడూ వావిలాకు వెచ్చచేసి కట్టుకునేది, ఆ వాసన నాకు జేజి వాసనే. ఆమె ఆ మట్టిని చాలాసేపు పట్టుకుని ఉంది. ఈరమ్మ వైపు చూడలేదు. గోడ వైపు చూసింది.

"పైపు ల్యాకపోతే ఈ తడి యాడిది?" అంది ఈరమ్మ. "మనమొస్తామని ముందే పెరికేసింటారు."

వీధిలో పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఉండాదో ల్యాదో మాకొద్దమ్మా. వానలొచ్చేదాకా మీ పెరట్లో పచ్చన కనపడకూడదు. కనపడితే బిందెలు తీస్తాం."

నాయన అప్పుడు తలెత్తాడు, ఏదో అనబోయాడు. జేజి చెయ్యి అడ్డంపెట్టి, "సరేప్పా" అంది. నా జేజి ఒక మాటకు అంత తొందరగా ఒప్పుకోవడం అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఒరిగిన బెండచెట్లను తనే ఒక్కొక్కటిగా పీకింది. చివరి చెట్టును ఓబులేసు రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు.

"చెట్టు కావల్నా, తాగేదానికి నీళ్ళు కావల్నా?" అంది జేజి.

"చెట్టు" అన్నాడు వాడు.

వేళ్ళు విప్పి తీసుకుంది. కాయలన్నీ తెంపి చేటలో పోసి ఈరమ్మకిచ్చింది. "తీసుకుపో. బాలింతకు పెట్టొద్దు, చలవ చేస్తాది. నువ్వు తిను."

ఈరమ్మ చేట అందుకుంది. ఆమె చేతులు మట్టిగా ఉన్నాయి. ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది, అది కూడా ఆమె అలవాటు కాదు. మళ్ళీ కుళాయి వచ్చిన రోజున మా బిందెను తనే తీసుకొచ్చి తన బిందెకు ముందు పెట్టింది. మేము ఆ వీధిలో ఉన్నన్నాళ్ళూ అలాగే పెట్టింది. తొట్టి పగలగొట్టినందుకు మనసు కలుక్కుమని ఉంటుందని అమ్మ అనేది. ఆ మాట వస్తే జేజి లేచి తొట్ల దగ్గరికి పోయేది. రెండో వాన పడ్డాక మళ్ళీ గింజలు పెట్టాం గానీ, గోడ వారన జేజి తొట్టి కట్టలేదు, ఓబులేసుకు నా పక్కన చోటిచ్చింది. ఈరమ్మ కూతురు పసిబిడ్డతో అత్తగారింటికి వెళ్ళిపోయింది. గోడ మొదట్లో ఆ తడి ఎప్పుడు ఆరిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చూసి చెప్పడానికి అక్కడ ఒక్క మొక్క కూడా లేదు.

ఇప్పుడు నేనుండేది అనంతపురంలో. నా కూతురికి రెండో కాన్పయింది. బాలింత స్నానానికి వచ్చే ఆమె పెద్ద గంగాళంలో వావిలాకు వేసి మరిగించి, నడుము మీద చెంబు తర్వాత చెంబు, పసిబిడ్డకు వేరే, ఇన్ని నీళ్ళా అని నేను గుడ్లప్పగించి చూసేంత పోస్తుంది. బాలింత స్నానమంటే అలాగే పోయాలి. ఐదేళ్ళ మనవరాలికి మిద్దె మీద టమోటా క్రేట్లలో గోనెపట్టా పరిచి, మట్టి నింపి, తోటకూర, మెంతికూర పెట్టించాను. తన క్రేటులో వేలు ఎవరు పెట్టారని అది రోజూ ఇల్లంతా విచారిస్తుంది. పారిపోయే నీళ్ళు చూడలేక, మిగిలిన కాచిన నీళ్ళు చల్లారాక మొన్న బకెట్‌తో పైకి తీసుకెళ్ళి పోశాను. ఆ వాసన వచ్చింది. మట్టిలోంచి వచ్చింది, జేజి మోకాళ్ళ నుంచి కాదు.

గోడకు అవతల ఈరమ్మ ఇంట్లో స్నానాల మూల ఎక్కడుండేదో గుర్తుతెచ్చుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు, సరిగ్గా తమ్ముడి తొట్టి వెనకే. తడిగుడ్డతో తుడుస్తున్నానని కుళాయి దగ్గర చెప్పిన మనిషి, రోజూ ఆ మూలలో కూతురికి కడవలకొద్దీ పోసిందని నా అనుమానం. ఆ నీళ్ళే బండ మీదుగా జారి గోడ కిందనుంచి మా తమ్ముడి తొట్టిలోకి చేరాయని, జేజికి ఆ రోజే తెలిసిపోయిందని, పచ్చి బాలింత ఒంటి మీది నీళ్ళను వీధి ముందు పెట్టలేక కొడుకు మీద నిందను అలాగే ఉండనిచ్చిందని అనుకుంటున్నాను. నేను పనిచేసిన పత్రికలో ఇంతమాత్రం ఆధారంతో వార్త ఇస్తే డెస్కువాళ్ళు వెనక్కి పంపేవారు. ఆ రోజు నాకు తగిలింది మట్టి వాసనో, దాన్ని పట్టుకున్న జేజి అరచేతి వాసనో నేను ప్రమాణం చేసి చెప్పలేను. నాయన ఆ నింద మోస్తూనే పోయాడు.

మడకశిరలో ఉంటున్న ఓబులేసుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడి వెనక గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"ఇన్నేండ్లూ నువ్వే పోసినావనుకుంటాండానక్కా" అన్నాడు. "నా తొట్టికి ఎండ తగల్లేదని ఏడిస్తే, పాపమని నువ్వే యాడనో తెచ్చి పోసినావనుకున్యా."

"నేను పోయలేదురా."

"సర్లే." వాడు గొర్రెలను అదిలించాడు. "అయితే ఆయమ్మకు అన్ని నీళ్ళు యాడివి?"

అడుగుదామంటే జేజి లేదు, ఈరమ్మ లేదు, ఆ పసిబిడ్డ ఎక్కడుందో తెలియదు. ఆ వీధిలో ఇప్పుడు ఇంటింటికీ కుళాయి ఉంది, వరుసలో బిందె పెట్టి పైన రాయి పెట్టే పిల్లలు లేరు, ఒంటి నీళ్ళతో మొక్కను పెంచిన బండలేవీ మిగల్లేదు. మా ఇల్లు పడగొట్టి పాలిష్ బండలు పేర్చుకునే షెడ్డు వేశారు. రెండిళ్ళ మధ్య గోడ మాత్రం అలాగే ఉంది. మా వైపు ఈరమ్మ తవ్విన చోట సిమెంటు పోశారు. గోడకు అవతలి వైపు పైపు కోసం ఇప్పటిదాకా ఎవరూ తవ్వి చూడలేదు.